దడ మొదలైతే ముందు గాలి వదలండి

హన్మకొండ బస్టాండ్‌లో జనం మధ్య నిలబడితే నాకు ఉన్నట్టుండి భయంతో గుండె దడ, వేళ్లల్ల తిమ్మిరి, ఊపిరి ఆడనట్టు అయ్యేది. గాలి సరిపోతలేదని గబగబా పీల్చేదాన్ని. దాంతోనే తిమ్మిరి, తల తిరుగుడు ఇంకా ఎక్కువైతయని తర్వాత తెలిసింది.

ఇప్పుడు ఎక్కడన్న ఆనుకొని కూసుంట. ముందు లోపలున్న గాలి మెల్లగా వదులుత. తర్వాత ముక్కుతో 4 లెక్కపెట్టేదాక పీల్చి, వేడి చాయ్ ఊదినట్టు పెదాలు చుట్టి 6 లెక్కపెట్టేదాక వదులుడు. బలవంతంగా బిగబట్టొద్దు. వాచీ చూసుకొని 5 నిమిషాలు చెయ్యాలె. మొదటి రెండు నిమిషాలు ఏం తేడా తెల్వది, అక్కడ ఆపకండి. 4, 6 కష్టమైతే 3, 5తో మొదలుపెట్టండి. నిమ్మళంగ ఉన్నప్పుడు రోజూ రాత్రి పండుకునే ముందు చేస్తే, దడ వచ్చిన టైంల లెక్క తప్పది.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఛాతీల బరువు, నొప్పి చేతికో దవడకో పాకుడు, చల్లచెమటలు ఉంటే, లేదా ఇట్ల కావడం మొదటిసారే అయితే, భయమే అనుకొని కూసోవద్దు, 108కి చెయ్యండి. దడ మాటిమాటికి వస్తుంటే డాక్టర్‌కు చూపించుకోండి. సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేసినా తెలుగులనే మాట్లాడుతరు, పైసలు పడవు.