పాఠం 4: వస్తువు సొంత రంగు వేరు, దాని మీద పడ్డ వెలుగు వేరు

పోయిన పాఠంలో ఇచ్చిన పది చిన్న బొమ్మలూ వేసేశారా? వెయ్యకపోతే ఏం ఫర్వాలేదు, నేనూ ఆరే వేశాను, మిగతా నాలుగింటినీ గేమ్ ఆర్ట్ క్లాసు పని మింగేసింది.

ఈ వారం పాఠం కూడా ఆ క్లాసు పనిలోంచే పుట్టింది. 3D చెక్క పీపాకి టెక్స్చర్, అంటే దాని ఉపరితలం మీద చుట్టే బొమ్మ, చెయ్యమన్నారు. నేను బేస్ కలర్ మ్యాప్‌లోనే (అందులో వస్తువు సొంత రంగు మాత్రమే ఉండాలి) పలకల ఎడమ వైపు నీడలు, కుడి అంచున మెరుపు, అన్నీ ఎంతో ఓపిగ్గా పెయింట్ చేసి పట్టుకెళ్ళాను. సార్ ఏమీ అనలేదు, పీపాని గేమ్ ఇంజన్‌లో (ఆటలోని దృశ్యాన్ని లెక్కగట్టి చూపించే సాఫ్ట్‌వేర్) పెట్టి లైటుని కుడి నుంచి ఎడమకి తిప్పారంతే. లైటు ఎడమకి వచ్చేసినా నా నీడలు మాత్రం ఎడమవైపే బైఠాయించి ఉన్నాయి. బేస్ కలర్‌లో వెలుగు వెయ్యకూడదు అన్నది అప్పుడు బుర్రకెక్కింది. సరే అనుకుని రాత్రి డిజిటల్ పెయింటింగ్ సొంత ప్రాక్టీస్‌కి కూర్చుంటే, అక్కడ పనంతా వెలుగు వెయ్యడమే! పగలు తప్పన్నదే రాత్రి ఒప్పు ఎలా అయిందో తెలియక కొన్నాళ్ళు తికమకపడ్డాను.

నిజానికి రెండూ ఒకటే లెక్క. పీపా విషయంలో ఆ లెక్క ఇంజన్ చేస్తుంది, పెయింటింగ్‌లో మనం చేత్తో చేస్తాం.

ఏమిటా లెక్క అంటే, తన మీద పడ్డ వెలుగులో ఎంత తిప్పి పంపాలన్నది వస్తువు సొంత గుణం. బొగ్గు దాదాపు 4 శాతం పంపుతుంది, అప్పుడే కురిసిన మంచు 80 శాతం పైనే. అసలు ఎంత వెలుగు పడిందన్నది వేరే సంగతి. మన కంటికి చేరేది ఈ రెండిటినీ గుణిస్తే వచ్చేది. నీడలో వెలుగు ఐదో వంతుకి పడిపోయిందనుకోండి, మంచు 80 నుంచి 16కి దిగుతుంది. ఎండలో ఉన్న బొగ్గు మాత్రం 4 దగ్గరే ఉంది. అంటే నీడలో మంచు ఎండలో బొగ్గు కంటే నాలుగు రెట్లు తెల్లగా ఉందన్నమాట.

దీన్ని ఇంత సాగదీసి చెప్పడానికి కారణం ఉంది. "నీడలో ఉన్నది ఎప్పుడూ వెలుగులో ఉన్నదానికంటే ముదురుగా ఉండాలి" అని అందరూ చెప్తారు కదా, అది ఒకే రంగు వస్తువుకే వర్తిస్తుంది. నేను దాన్ని గుడ్డిగా పట్టుకుని తెల్ల కప్పు నీడ వైపుని పక్కనున్న నల్ల ఫోన్ కంటే ముదురు చేసేశాను. కప్పు కాస్తా మసిపట్టిన గిన్నె అయింది.

ఇక అభ్యాసం. ఒక తెల్ల కప్పు, ఒక నల్ల వస్తువు, మధ్యరకం రంగుది ఇంకోటి, ఒక్కటే లైటు. స్టీలు వస్తువులు వద్దు, వాటిలో చుట్టుపక్కల ప్రతిబింబాలే కనిపిస్తాయి, ఈ లెక్క వాటి దగ్గర పనికిరాదు. మొదటి లేయర్‌లో (లేయర్లంటే పెయింటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పరిచే పొరలు) నీడ అనేది లేనట్టే, ఒక్కో వస్తువుకీ ఒక్కో చదును బూడిద రంగు నింపండి. ఇదే మీ బేస్ కలర్. ఇక్కడ పూర్తి నలుపూ పూర్తి తెలుపూ వాడకండి. పైన చెప్పిన శాతాలు స్క్రీన్ మీద అవే అంకెలుగా రావు: 18 శాతం బూడిద 0 (నలుపు) నుంచి 255 (తెలుపు) కొలతలో 118 దగ్గర పడుతుంది, 4 శాతం బొగ్గు కూడా 56 దగ్గర ఉంటుంది.

దాని మీద ఇంకో లేయర్ పెట్టి మోడ్‌ని మల్టిప్లైకి (కింది రంగుతో గుణించేది) మార్చి, 128 దగ్గరి ఒకే బూడిదతో నీడలన్నీ వెయ్యండి. అంకె 255లో సగమైనా, పైన చెప్పిన స్క్రీన్ కొలత వల్ల ఐదో వంతు వెలుగుకి ఇది దాదాపు సరిపోతుంది. కప్పుకో నీడ, ఫోన్‌కో నీడ అని వేరే రంగులు ఎంచుకోవాలని చెయ్యి లాగుతుంది, లొంగకండి. లెక్క లేయర్ చూసుకుంటుంది. వస్తువు బల్లకి ఆనిన చోట సన్నని ముదురు గీత, బల్ల నుంచి నీడలోకి ఎగసే కొద్దిపాటి వెలుగు, చివర్లో మెరుపు, ఇవి మూడో లేయర్‌లో.

అరగంట దాటనివ్వద్దు. వారంలో నాలుగు రోజులు చాలు, మిగతా రోజులు ఎలాగూ క్లాసు గడువులవే.

రంగుల్లో వేసేవాళ్ళు వాల్యూ (రంగు ఎంత లేత, ఎంత ముదురు అన్నది) సరిచూసుకోవడానికి ఫోటోషాప్‌లో డీశాచురేట్ (రంగు తీసేసి బూడిదగా మార్చేది) నొక్కకండి. అది పచ్చి పసుపునీ పచ్చి నీలాన్నీ ఒకే బూడిదగా చూపిస్తుంది, కంటికేమో పసుపు ఎంతో లేత, నీలం బాగా ముదురు. అన్నిటికంటే పైన నలుపు నింపిన లేయర్ పెట్టి మోడ్ కలర్‌కి మారిస్తే అసలు సంగతి బయటపడుతుంది.

అన్నట్టు, టెక్స్చర్‌లోనే వెలుగునీడలు పెయింట్ చేసే శైలి వీడియో ఆటలు కూడా ఉన్నాయి. మీ క్లాసులో అలాంటిది అడిగితే నా పీపా కథ మర్చిపోయి హాయిగా నీడలు వేసుకోండి, కాకపోతే వెలుగు పైనుంచి వస్తున్నట్టు ఉంచండి, ఏ పక్క నుంచో కాదు. గాజు గ్లాసు వెయ్యాలని సరదా పడకండి, దాని సంగతి ఏడో పాఠంలో చూద్దాం.