తుప్పు పట్టిన బోను పారేసే ముందు ఇది చూడండి

కుందేలు బోనో పిట్టల పంజరమో మురికి పట్టిందని వెంటనే పారేయకండి, చాలావరకు బాగవుతుంది. ముందు పెట్‌ని వేరే చోట పెట్టండి, ఎండిపోయిన రెట్టని మాత్రం పొడిగా గీకొద్దు, ఆ దుమ్ము పీలిస్తే మంచిది కాదు, నీళ్ళు స్ప్రే చేసి నానాక పాత టూత్‌బ్రష్‌తో తీసేసి సబ్బు కలిపిన వేడినీళ్ళతో కడగండి.

కుందేలు బోను ట్రేలో తెల్లగా గట్టిగా పేరుకుంటుంది చూశారా, అది మూత్రంలోని కాల్షియం, సబ్బుకి అస్సలు లొంగదు, తెల్ల వెనిగర్‌లో సగం నీళ్ళు కలిపి పోసి ఓ అరగంట వదిలేస్తే మెత్తబడి ఊడొస్తుంది. అలాగని జింక్ పూత ఉన్న బోనుని రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టకండి, ఆ పూత కూడా కరిగిపోయి తుప్పు ఇంకా తొందరగా వస్తుంది. బ్లీచ్ వాడాలనుకుంటే మూత్రం, వెనిగర్ రెండూ పూర్తిగా కడిగేశాకే, కలిస్తే విషవాయువు వస్తుంది, ఇందులో మాత్రం బద్ధకం వద్దు.

చిన్న తుప్పు మచ్చలకి ఎమరీ పేపర్ చాలు. రుద్దాక పొడి మొత్తం తుడిచి, కడిగి, వెంటనే ఆరబెట్టాలి, ముఖ్యంగా తీగలు కలిసే మూలల్లో తడి ఉండకూడదు. పెయింట్ వేసే ఆలోచన ఉంటే ఆగండి, చిలకలు తీగలు కొరుకుతూనే ఉంటాయి, పెయింట్‌లోని సీసం, జింక్ వాటికి విషం. పూత పొరలుగా రాలుతుంటే చిలకకి ఆ పంజరం వద్దు, కొత్తది కొనేయండి.