రెస్టోమాడ్ కార్వెట్ కొనేముందు ఎలా చూసుకోవాలి?

పైకి 1960ల నాటి రూపం, లోపల ఇప్పటి ఇంజన్, బ్రేకులు, ఏసీ. ఇలా మార్చిన బండినే రెస్టోమాడ్ అంటారు. 1963 నుంచి 1967 దాకా అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో తయారైన స్పోర్ట్స్ కారు షెవర్లే కార్వెట్ స్టింగ్ రే అంటే ఇలా మార్చేవాళ్లకు మహా మోజు. మీరూ కొనాలనుకుంటే చూడటం మాత్రం ఇంజన్‌తో మొదలుపెట్టకండి. ఇంజన్ డబ్బు పెడితే ఇంకోటి దొరుకుతుంది. చట్రం తుప్పు పడితే బండంతా విప్పాల్సిందే.

ముందు కాగితాలు. గ్లోవ్ బాక్స్ కిందున్న పలక మీది నంబరు, టైటిల్ (యాజమాన్య పత్రం) మీది నంబరు ఒకటే కావాలి. 1965 మోడల్ నుంచి ఆ నంబరు 194తో మొదలవుతుంది. తర్వాత 37 ఉంటే కూపే (గట్టి పైకప్పుది), 67 ఉంటే కన్వర్టిబుల్ (పైకప్పు తీసేది). ఆ పక్క అంకె ఏడాది. 194675 అని ఉంటే అది 1965 కన్వర్టిబుల్ అన్నమాట. ఇంజన్ మార్చేసిన బండికి ‘ఒరిజినల్’ పేరు చెప్పి ధర పెంచితే ఒప్పుకోకండి.

ఇక అసలు పని, తుప్పు వెతకడం. బాడీ ఫైబర్‌గ్లాస్ కాబట్టి పైన ఎంత నిగనిగలాడినా లెక్కలోకి రాదు, అయస్కాంతంతో చూసే చిట్కా ఇక్కడ పనిచేయదు. ముందు అద్దం, తలుపుల చుట్టూ లోపల ఉక్కు చట్రం ఉంటుంది. దాన్ని బర్డ్‌కేజ్ అంటారు. కాళ్లు పెట్టుకునే చోట పక్క ప్యానెల్ విప్పించి, టార్చి వేసి అద్దం స్తంభాల అడుగు చూడండి. తర్వాత బండిని లిఫ్ట్ ఎక్కించి, వెనక చక్రాల ముందు ఫ్రేమ్ పైకి వంగే చోట స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. ఖంగుమనాలి. మెత్తగా పలికినా, ప్యానెల్ విప్పడానికి యజమాని ఒప్పుకోకపోయినా బేరం వదిలేయండి.

వైరింగ్ దగ్గరా తిరకాసే. రేకు బాడీ కార్లలో బాడీయే గ్రౌండ్, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్లే దారి. ఫైబర్‌గ్లాస్‌లో కరెంటు పారదు కనుక ప్రతి లైటుకూ విడిగా గ్రౌండ్ వైరు కావాలి. ఫ్యూయల్ పంపు, ఫ్యాన్లు, ఏసీ కొత్తగా చేర్చేవాళ్లు ఇక్కడే కక్కుర్తి పడతారు. నేను చూసిన ఒక బండిలో బ్రేకు తొక్కితే ఇండికేటర్ మిణుకుమిణుకుమనేది. డ్యాష్ కింద తల దూర్చితే అన్నీ మెలేసి టేపు చుట్టిన జాయింట్లే! పదకొండు దాకా లెక్కపెట్టి ఊరుకున్నాను.

బ్రేకులకు వద్దాం. 1964 దాకా డ్రమ్ములు, 1965 నుంచి నాలుగు చక్రాలకూ డిస్కులు. కానీ 1967కు ముందు చాలా బండ్లలో మాస్టర్ సిలిండర్‌కు, అంటే పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు నెట్టే భాగానికి, ఉన్నది ఒక్క గదే. ఎక్కడో ఓ చోట ఆయిల్ కారిందా, నాలుగు బ్రేకులూ పోయినట్టే. రెండు గదులది బిగించారో లేదో చూడండి. అది మార్చకుండా 430 హార్స్‌పవర్ ఎల్ఎస్3 (షెవర్లేదే కొత్త తరం వి8) ఇంజన్ కూర్చోబెడితే దాన్ని అప్‌గ్రేడ్ అనరు.

చివర్న నడిపి చూడటం. మీరు వెళ్లేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే రేడియేటర్ గొట్టం పట్టుకోండి. వెచ్చగా ఉంటే ముందే స్టార్ట్ చేశారన్నమాట, ఏదో దాస్తున్నారేమో అనుకోవాల్సిందే. ఏసీ వేసి, ఇరవై నిమిషాలు నిలబెట్టి ఉష్ణోగ్రత ముల్లు మీద కన్నేయండి. ఆ తర్వాత హైవే మీదికి వెళ్లండి. తిరిగొచ్చాక బండి కింద అట్ట పరిచి టీ తాగి రండి. నల్ల చుక్కలు పడితే ఇంజన్ ఆయిల్. చక్రం లోపలివైపు తడి తగిలితే బ్రేక్ ఆయిల్.