వారసత్వ వాటాల లెక్క ఎలా వేయాలి?

ఎల్‌ఎల్‌బీ పిల్లల పేపర్లు దిద్దీ దిద్దీ నాకు అర్థమైంది ఒకటే. భిన్నాలు రాక ఎవరూ తప్పడం లేదు. అది ఎలాంటి ఆస్తో చూడకుండా ఎవరికెంత అని మొదలుపెట్టి తప్పుతున్నారు. ఇంట్లో పొలం గొడవ కోసం చట్టం చదివేవాళ్లదీ అదే వరస.

హిందూ వారసత్వ చట్టం బేర్ యాక్ట్ (వ్యాఖ్యానాలేవీ లేని చట్టం పాఠం), తెల్ల కాగితం, పెన్సిల్ చాలు. గైడ్లు వద్దు. క్యాలిక్యులేటర్ అసలే వద్దు. ఆస్తి ఎప్పుడూ 12 ఎకరాలనుకోండి, రెండు, మూడు, నాలుగు, దేనితోనైనా తెగుతుంది. పదెకరాలతో మొదలుపెట్టినవాళ్లు సెంట్లలో కొట్టుకుపోతారు.

పోయిన మనిషి హిందువేనా చూడండి. ముస్లింలకు షరియత్ వాటాలు, క్రైస్తవులకు 1925 నాటి చట్టం. వాటి లెక్క వేరు. చెల్లే వీలునామా ఉంటే ముందు అదే. లేకపోతే వంశవృక్షం గీసి, పోయినవాళ్ల పేరు చుట్టూ సున్నా చుట్టి, పక్కన తేదీ వేయండి. తేదీల్లేని చెట్టుకు నేను మార్కులు వేయను.

ఇక అసలు చిక్కు. ఆస్తి స్వార్జితమా (సొంతంగా సంపాదించుకున్నదా), పిత్రార్జితమా (పిల్లలకు పుట్టుకతోనే హక్కుండేదా)? ఇక్కడ తొందరపడకండి. "తాత పొలం" అనగానే పిత్రార్జితం అనేస్తారు. తాత ఎప్పుడు పోయాడు, ఆయనకు ఆ పొలం ఎలా వచ్చింది అని అడగరు. హిందూ వారసత్వ చట్టం 1956 జూన్ 17న అమల్లోకి వచ్చింది. తాత సొంత డబ్బుతో కొని, వీలునామా రాయకుండా 1970లో పోయాడనుకోండి. ఆయన కొడుక్కి వచ్చిన వాటా ఆ కొడుకు సొంతం. మనవడు "నా భాగం పంచు" అని తండ్రి మీద దావా వేస్తే నిలవదు. 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. అదే తాత 1950లో పోయి ఉంటే, ఆ పొలమే తండ్రి చేతిలో పిత్రార్జితం, మనవడికి పుట్టుకతో హక్కు. పొలం అదే, మనుషులూ వాళ్లే. మారింది తేదీ ఒక్కటే. రచ్చబండ దగ్గర ఈ సంగతి చెబితే ఎవరూ నమ్మరు.

ఇప్పుడు లెక్క. ఒకాయన 2015లో పోయాడు. తల్లి, భార్య, కొడుకు, కూతురు ఉన్నారు. 12 ఎకరాలూ స్వార్జితమైతే నలుగురూ మొదటి తరగతి వారసులే, అంటే అందరికంటే ముందు, సమానంగా తీసుకునేవాళ్లు, తలా 3 ఎకరాలు. ఆయన తండ్రి బతికున్నా ఇందులో రాడు, ఆయనది రెండో తరగతి.

పిత్రార్జితమైతే రెండు మెట్లు. ఆయన పోయే క్షణం ముందు పంపకం జరిగిందని ఊహించుకోండి. ఇందులో పుట్టుకతో హక్కున్నవాళ్లకే భాగం: ఆయన, కొడుకు, కూతురు, తలా 4 ఎకరాలు. ఆ తర్వాత ఆయన 4 ఎకరాలను నలుగురు వారసులకు పంచండి, తలా ఒక ఎకరం. కొడుక్కి 5, కూతురికి 5, భార్యకు 1, తల్లికి 1.

"కూతురికి పెళ్లయిపోయింది కదా సార్?" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. అప్పటికే పెళ్లయిన కూతురికి పిత్రార్జితంలో హక్కు లేదన్న షరతు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986 సవరణలోది. కూతురికీ పుట్టుకతో హక్కు ఇస్తూ 2005 సెప్టెంబర్ 9 నుంచి అమలైన కేంద్ర సవరణలో పెళ్లి ప్రసక్తే లేదు. ఆ రోజుకు తండ్రి బతికుండాల్సిన పని కూడా లేదని 2020లో వినీతా శర్మ కేసులో తేలింది. కాకపోతే 2004 డిసెంబర్ 20కి ముందే పక్కాగా జరిగిపోయిన పంపకాలను తిరగదోడలేరు.

రెండో తప్పు గైడ్ల పుణ్యం. 1978 నాటి సుప్రీంకోర్టు గురుపాద్ కేసు లెక్కను యథాతథంగా దించి, మొదటి మెట్టులోనే భార్యకూ ఒక భాగం వేస్తారు. అది మహారాష్ట్ర కుటుంబం కేసు. పంపకంలో భార్యకు వాటా ఇచ్చే పద్ధతి అక్కడ ఉంది, మన దక్షిణాదిలో ఏనాడో పోయింది. ఆ లెక్కన పోతే మన ఉదాహరణలో భార్యకు ఎకరం బదులు మూడు ముప్పావు ఎకరాలు వస్తాయి. న్యాయంగా అలాగే ఉండాలనిపిస్తుంది నాకు కూడా. కానీ జవాబు పత్రంలో మనకు న్యాయమనిపించింది రాయడం కుదరదు.

చివర్లో అన్నీ కూడి 12 వచ్చిందని పెన్సిల్ పక్కన పెట్టేయకండి. తల్లిని మర్చిపోయి ముగ్గురికే పంచినా 12 వస్తుంది. మళ్లీ చెట్టు దగ్గరికి వెళ్లి, ఆయన పోయిన రోజుకు సున్నా చుట్టని పేర్లు ఎన్నున్నాయో లెక్కపెట్టండి.