విదేశాల్లో చెట్ల సంరక్షణ పని: విశాఖ నుంచి దరఖాస్తు చేసే విధానం

తాడు కట్టుకుని చెట్టెక్కడం, కొమ్మను సురక్షితంగా కోసి దింపడం నేర్చుకుని కొత్తగా ఆర్బరిస్టు (చెట్ల సంరక్షణ నిపుణుడు) శిక్షణ ధ్రువపత్రం అందుకున్న యువకులు విశాఖలో ముందుగా ఏజెంటును వెతుకుతున్నారు. నిజానికి అది చివర చేయాల్సిన పని. కాగితాలు సరిగ్గా ఉన్నవారు విదేశీ సంస్థకు నేరుగా రాసుకోవచ్చు. కాగితాలు లేనివారిని ఏ ఏజెంటూ గట్టెక్కించలేడు.

మొదటిది పాస్‌పోర్టు. పాస్‌పోర్టు సేవా వెబ్‌సైటులో దరఖాస్తు నింపి, 36 పేజీల పుస్తకానికి రూ.1,500 కట్టి, విశాఖ కేంద్రంలో సమయం తీసుకోవాలి. పదో తరగతి పాసైన ధ్రువపత్రం తప్పకుండా చూపించండి. అది లేకపోతే పాస్‌పోర్టు మీద ‘వలస తనిఖీ అవసరం’ అనే గుర్తు పడే అవకాశం ఉంది. అప్పుడు గల్ఫ్ దేశాలు, మలేషియా సహా 18 దేశాలకు ఉద్యోగం మీద వెళ్లాలంటే వలసదారుల సంరక్షణ అధికారి అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతికి దరఖాస్తు విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులోనే చేస్తారు.

రెండోది పని నమోదు పుస్తకం. దీన్ని ఏ కార్యాలయమూ అడగదు, కానీ ఉద్యోగం ఇచ్చేవాడు మొదట చూసేది దీన్నే. ఎక్కిన ప్రతి చెట్టుకూ తేదీ, చెట్టు పేరు, ఎత్తు, వాడిన పరికరాలు, చేసిన పని రాసి, పర్యవేక్షించినవారి సంతకం తీసుకోండి. ‘కొమ్మలు కొట్టాను’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘రావిచెట్టు, 12 మీటర్లు, ఇంటి కప్పు మీదికి వాలిన ఎండు కొమ్మకు ముందు కింది గాటు, దానికి కాస్త అవతల పై కోత, చివరికి కొమ్మ మొదలు దగ్గరి ఉబ్బు దెబ్బతినకుండా మూడో కోత’ అని రాయండి. బెరడు చీలకుండా కోయడం మీకు తెలుసని ఆ ఒక్క వాక్యమే చెబుతుంది. ఫొటోల్లో శిరస్త్రాణం, నడుము పట్టీ కనిపించాలి. చెట్టు మీద మోటారు రంపం వాడుతున్న ఫొటో అయితే రెండు చోట్ల కట్టుకుని ఉన్నట్టు తెలియాలి. ఒకే తాడు మీద వేలాడుతూ రంపం పట్టిన ఫొటో పంపితే, ఎంత నైపుణ్యం ఉన్నా అభ్యర్థిని పక్కన పెట్టేస్తారు. అలా పక్కన పెట్టడమే న్యాయం.

చెట్టును పూర్తిగా కొట్టిన పని అయితే, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద తీసుకున్న అనుమతి ప్రతిని కూడా జత చేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తర్వాత నాటిన మొక్కలు ఇప్పుడు చెట్లై విద్యుత్ తీగలకు తగులుతున్నాయి. అనుభవం సంపాదించడానికి విశాఖలో పని ఉంది. ఏడాదిన్నర ఇక్కడ చేసి వెళ్లమనే నా సలహా. దానికి కారణం కూడా ఉంది: అంతర్జాతీయ వృక్ష సంరక్షణ సంఘం ఐఎస్ఏ చెట్టెక్కే పనివారికి ఇచ్చే ధ్రువపత్రానికి కనీసం 18 నెలల అనుభవం, ప్రథమ చికిత్స శిక్షణ అడుగుతుంది. సర్టిఫైడ్ ఆర్బరిస్టు పరీక్షకైతే మూడేళ్ల అనుభవం కావాలి. సంబంధిత చదువు ఉంటే కొంత తగ్గుతుంది.

ఇక దేశం. బ్రిటన్‌లో నైపుణ్య కార్మికుల వీసాకు 2025 జూలై 22 నుంచి సాధారణంగా డిగ్రీ స్థాయి ఉద్యోగాలనే లెక్కలోకి తీసుకుంటున్నారు, కాబట్టి చెట్టెక్కే పనికి ఆ దారి ఇరుకైంది. ఆస్ట్రేలియా 18 నుంచి 30 ఏళ్ల భారతీయులకు ఏటా 1,000 వర్క్ అండ్ హాలిడే (సెలవులు గడుపుతూ పని చేసుకునే) వీసాలను లాటరీ పద్ధతిలో ఇస్తోంది. ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్లు చదివినవారు దీన్ని వదులుకోవద్దు.

ఏజెంటు తప్పనిసరైతే అతని రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, ఈ-మైగ్రేట్ జాబితాలో మీరే స్వయంగా సరిచూసుకోండి. 1983 నాటి వలస చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా విదేశీ ఉద్యోగాలకు మనుషులను చేర్చుకోవడం నేరం. సేవా రుసుము రూ.30,000, దానిపై జీఎస్టీ దాటకూడదు. రసీదు ఇవ్వనివాడికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. పర్యాటక వీసా మీద వెళ్లి అక్కడ ఉద్యోగ వీసాగా మార్చుకోవచ్చని చెబితే ఆ మాట అక్కడితో ఆపేయండి. ప్రమాదం పొంచి ఉండే పని ఇది. చట్టబద్ధమైన వీసా లేకుండా చెట్టు మీద నుంచి పడితే పరిహారం కోసం ఎవరిని అడుగుతారు?

చదువు ధ్రువపత్రాలకు ముందు రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, తర్వాత పత్రం విదేశాల్లో చెల్లేందుకు విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర వేయించాలి. యూఏఈ, ఖతార్ అపోస్టిల్ ఒప్పందంలో లేవు. వాటికి ఆయా దేశాల రాయబార కార్యాలయ ధ్రువీకరణ అవసరం.

పోలీసు క్లియరెన్స్ ధ్రువపత్రానికి కూడా పాస్‌పోర్టు సేవా వెబ్‌సైటులోనే, రూ.500 రుసుముతో దరఖాస్తు చేయాలి. అసలు పాస్‌పోర్టుతో కేంద్రానికి వెళ్లాక స్థానిక పోలీసుల విచారణ జరుగుతుంది. గాజువాకలో అద్దెకు ఉంటూ పాస్‌పోర్టులో శ్రీకాకుళం చిరునామా ఉన్నవారు ప్రస్తుత చిరునామా రుజువును వెంట తీసుకెళ్లండి. ఈ పత్రాన్ని ఏడాది ముందే తెచ్చి పెట్టుకోవద్దు. దాని చెల్లుబాటు గడువును వెళ్లే దేశమే నిర్ణయిస్తుంది కాబట్టి ఉద్యోగ ఒప్పందం చేతికి వచ్చాక దరఖాస్తు చేస్తే చాలు.

ఆ ఒప్పందంలో జీతంతో పాటు తాడు, నడుము పట్టీ, శిరస్త్రాణం ఎవరు ఇస్తారో, ప్రమాద వైద్యం ఎవరు భరిస్తారో రాసి ఉండాలి. తనిఖీ గుర్తున్న పాస్‌పోర్టుతో ఆ 18 దేశాలకు వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి: రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375, ప్రమాద మరణానికీ శాశ్వత వైకల్యానికీ రూ.10 లక్షలు. ఒప్పందం, బీమా, వీసా ప్రతులను ఒక కట్టగా ఇంట్లో ఇచ్చి వెళ్లండి. జీతం ఆగినా, ప్రమాదం జరిగినా మీ వాళ్లు విదేశాంగ శాఖ మదద్ వెబ్‌సైటులో ఫిర్యాదు చేసేటప్పుడు ఆ వివరాలే కావాల్సి వస్తాయి.