నారుమడికి సూడోమోనాస్ వేస్తున్నారా? ఆగి ఇది చదవండి

మొన్న ఆనందపురం వైపు మా మావయ్య వంగ నారుమడి చూసి వచ్చాను. మొదళ్లు మెత్తబడి నారు సగానికి సగం ఒరిగిపోయింది. నారుకుళ్ళు. "సూడోమోనాస్ వేశాన్రా, డబ్బులు దండగ" అన్నాడు. తెగులు రాకుండా ముందుగా వేసే జీవ మందు అది. ఎప్పుడు వేశావు మావయ్యా అంటే పొద్దున్న వేశాడట, సాయంత్రం అదే మడిని కాపర్ ఆక్సీక్లోరైడ్ (బూజును చంపే రాగి మందు) నీళ్లతో తడిపాడట, రెండూ పడితే గట్టిగా పనిచేస్తాది కదా అని.

కొంపలు ముంచేది ఇదే. పొట్లంలో ఉన్నది బతికున్న బాక్టీరియా. అది వేరు చుట్టూ ముందే చోటు పట్టేస్తుంది, మట్టిలో ఇనుమును తను లాక్కుని తెగులు బూజుకు దొరక్కుండా చేస్తుంది, బూజును అణిచే పదార్థాలు వదులుతుంది, మొక్కకున్న తట్టుకునే శక్తిని కూడా లేపుతుంది. రాగి మందు బూజుతో పాటు బాక్టీరియాను కూడా చంపుతుంది. పొద్దున్న పోసిన ప్రాణాన్ని సాయంత్రం మనమే తీసేస్తే ఇక పనిచేసేది ఏముంది?

ఇంకో తికమక ఉంది. షాపులో ట్రైకోడెర్మా, సూడోమోనాస్ ఒకే అరలో ఉంటాయి కాబట్టి రెండూ ఒకటే అనుకుంటారు. ట్రైకోడెర్మా మేలు చేసే బూజు, కార్బెండజిమ్ అనే బూజు మందు పడితే పోతుంది. సూడోమోనాస్‌కు రాగి, బాక్టీరియాను చంపే స్ట్రెప్టోసైక్లిన్ శత్రువులు. ఏది కొన్నారో దాన్ని బట్టి ఏది తగలకూడదో చూసుకోండి, లేదా రసాయన మందుకీ దీనికీ మధ్య కనీసం పది రోజులు వదిలేయండి, అది సులువు.

సూడోమోనాస్ అయితే కిలో విత్తనానికి 10 గ్రాముల పొడి పట్టించి నీడలో ఆరబెట్టండి. ఎండలో వద్దు. నాటే ముందు లీటరు నీళ్లకు 10 గ్రాములు కలిపి నారు వేళ్లు అరగంట ముంచండి. పొలంలో అయితే ఎకరాకు కిలో, బాగా మాగిన గెత్తంలో (పశువుల ఎరువులో) కలిపి తడి ఉన్న నేల మీద సాయంత్రం పూట చల్లండి. పచ్చి పేడలో కలపొద్దు.

అప్పటికే కుళ్లిన మొక్కను ఇది లేపదు. ముందు వేస్తేనే కాపలా. తయారీ తేదీ, గడువు తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు లేని పొట్లం ముట్టుకోవద్దు. బండి డిక్కీలో, రేకుల షెడ్డులో దాచొద్దు, మన ఎండకు లోపలిది ఉడికిపోతుంది. విశాఖలో మేడ మీద తోట పెంచేవాళ్లు క్లోరిన్ వాసన వచ్చే కుళాయి నీళ్లు నేరుగా కలపకండి, ముందు రోజు రాత్రే బకెట్లో మూత లేకుండా పెట్టుకోండి. రాగి మందు కొట్టిన స్ప్రేయరు కడక్కుండా వాడొద్దు. ఇది కూడా అదే తప్పు, దొడ్డిదారిన. పొడి కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టండి. మడి ఎత్తుగా చేయండి, నీరు నిలిస్తే ఏ బాక్టీరియా కాపాడదు. కలిపిన నీళ్లు రేపటికి దాచొద్దు. మళ్లీ చెప్తున్నా, రాగితో కలపొద్దు. షాపువాడు కలపమన్నా కలపొద్దు.

మావయ్యను వేరే చోట కొత్త మడి కట్టి, విత్తనశుద్ధి దగ్గర నుంచి మొదలుపెట్టమన్నాను. మిగిలిన కాపర్ డబ్బా మాత్రం నాతో తెచ్చేసుకున్నాను.