లినక్స్‌లో డిస్క్ ట్రాన్స్‌ఫర్ సైజు ఎలా పెంచాలి?

ఒంగోలులో మా తమ్ముడికి పెళ్ళి వీడియోల స్టూడియో ఉంది. ముహూర్తాల రోజుల్లో ఫైళ్ళు కాపీ అవ్వక వాడు పడే టెన్షన్ చూసే ఈ సెట్టింగ్ జోలికి వెళ్ళాను.

పెద్ద ఫైలును కెర్నల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) ఒకేసారి డిస్కును అడగదు, ముక్కలు చేసి అడుగుతుంది. చీమకుర్తి రాయిని ట్రాక్టరులో తోలితే ఎక్కువ ట్రిప్పులు, లారీలో తోలితే తక్కువ. కానీ ఇరుకు రోడ్డులో లారీ కదిలేదాకా వెనక బైకు ఆగాల్సిందే. ఇక్కడా అంతే.

ముందుగా ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో డిస్క్ పేరు ఖాయం చేసుకోండి. తర్వాత సిస్, బ్లాక్, ఆ డిస్క్ పేరు, క్యూ అనే ఫోల్డర్ల వరుసలోకి వెళ్ళండి. అక్కడ మ్యాక్స్_హెచ్‌డబ్ల్యూ_సెక్టార్స్_కేబీ అనే ఫైల్లో ఉండేది హార్డ్‌వేర్ హద్దు, దాన్ని మార్చలేం. మ్యాక్స్_సెక్టార్స్_కేబీలో ఉండేది మనం మార్చగలిగేది. చాలా సాటా డిస్కుల్లో (కంప్యూటర్ లోపల తగిలించే మామూలు రకం) మొదటిది 32767, రెండోది 1280 కనిపిస్తాయి. రెండూ కాగితం మీద రాసుకోండి. పాత అంకె దగ్గర లేకుండా కెర్నల్ సెట్టింగ్ ముట్టుకోకూడదు.

ఇప్పుడు కొలవండి. ఒక కాపీ నడుస్తుండగా, డిస్క్ పనిని చూపే ఐఓస్టాట్ కమాండ్‌ను ఎక్స్ ఆప్షన్‌తో నడిపితే సగటు రిక్వెస్ట్ సైజు కేబీల్లో వస్తుంది. అది 128 దగ్గరే ఆగిపోతే అడ్డు వేరే చోట ఉంది: అదే ఫోల్డర్‌లోని రీడ్_అహెడ్_కేబీ, అంటే కెర్నల్ ముందుగానే ఎంత చదివి పెట్టుకోవాలో చెప్పే అంకె. మామూలుగా అది 128 ఉంటుంది. దాన్ని 1024 చేయకుండా మ్యాక్స్_సెక్టార్స్_కేబీని ఎంత పెంచినా కాపీ వేగం పెద్దగా మారదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఇంకో హద్దు మ్యాక్స్_సెగ్మెంట్స్, అంటే ఒక రిక్వెస్ట్‌లో ఎన్ని మెమరీ ముక్కలు పడతాయన్నది. సాటా కంట్రోలర్లలో తరచూ 168 ఉంటుంది. మెమరీ 4 కేబీ పేజీలుగా చెల్లాచెదురై ఉంటే 168 పేజీలకు 672 కేబీ దాటదు.

మార్చడానికి ఎకో 2048 అని, పైప్ పెట్టి, సుడో టీ, ఆ తర్వాత మ్యాక్స్_సెక్టార్స్_కేబీ ఫైలు దారి ఇవ్వండి. సుడో ఎకో రాసి బాణం గుర్తు పెడితే పర్మిషన్ లేదంటుంది. ఫైల్లో రాసేది సుడో కాదు, మీ షెల్ (మీ కమాండ్లు తీసుకునే ప్రోగ్రామ్); దానికి ఆ అధికారం లేదు.

రెట్టింపు చేయడం, కొలవడం, మళ్ళీ రెట్టింపు. లాభం ఆగిన చోట మీరూ ఆగండి. సెకనుకు 160 ఎంబీ చదివే డిస్కులో 32 ఎంబీ ముక్క ఒకటి 0.2 సెకన్లు పడుతుంది. అంతసేపూ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అడిగే చిన్న ఫైలు కాచుకుని కూర్చోవాలి. అందుకే స్టూడియో మెషీన్‌కు 32767 పెట్టొద్దని గట్టిగా చెబుతాను.

యూఎస్‌బీ 2 డిస్కులకు కెర్నల్ మామూలుగా 120 కేబీయే ఇస్తుంది, వాటిని అలాగే వదిలేయండి. కొన్ని అడాప్టర్లు 64 కేబీ దాటితేనే తట్టుకోలేవు.

రీబూట్ చేస్తే మీరు పెట్టిన అంకె పోతుంది. రెండు మూడు రోజులు పని చేసుకుంటూ డీమెస్గ్ కమాండ్ చూపే కెర్నల్ సందేశాల్లో డిస్క్ ఎర్రర్లు రావడం లేదని చూసుకున్నాకే యూడెవ్ రూల్‌గా (డిస్క్ కనిపించగానే సెట్టింగ్ దానంతటదే పెట్టే నియమం) రాయండి. రూల్‌లో ఎస్‌డీఏ లాంటి డిస్క్ పేరు కాకుండా డిస్క్ సీరియల్ నంబర్ ఇవ్వండి. ఇంకో డిస్క్ తగిలిస్తే ఆ పేర్లు తారుమారవుతాయి.